కొమ్ముల ఫటఫటి

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో కాశన్నకు మోటారుసైకిలు వచ్చిందంటే మొదట ఎవరూ నమ్మలేదు. కాశన్న చీరలు నేసేవాడు. వాళ్ళ నాయన నేశాడు, తాత నేశాడు. పొద్దున గుంతమగ్గంలో కాళ్ళు దించితే దీపాల వేళకు గాని పైకి లేవని వంశం. అట్లాంటి ఇంటికి, ఊరి కరణానికి కూడా లేని బండి ఎట్లా వస్తుంది?

వచ్చింది. ఆదోనిలో పత్తిమిల్లు దొర భార్యకు కాశన్న నేత అంటే ప్రాణం. కిటికీ తెరలు, బల్లగుడ్డలు, దిండు గలీబులు అంటూ ఏడాదంతా నేయించుకుంది. దొర ఇంగ్లండుకు తిరిగి పోతున్నప్పుడు షెడ్డులో తుప్పుపట్టి పడున్న మోటారుసైకిలును చూపించి, నీ నేతకు బదులు ఇది తీసుకుంటావా అని దుబాసీ చేత అడిగించింది. కాశన్న మారు మాట్లాడలేదు. మాట్లాడితే ఎక్కడ దొరసాని మనసు మార్చుకుంటుందోనని అతని భయం.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాలేదు. పెట్రోలు అడిగినంత దొరికే రోజులు. ఆదోనిలో లారీల షెడ్డు నడిపే మేస్త్రీ సాయిబు బండికి ప్రాణం పోశాడు. నడపడం నేర్పింది కూడా ఆయనే. నేర్పడమంటే ఏముంది, ఇది తిప్పితే పోతుంది, అది తొక్కితే ఆగుతుంది, మిగతాదంతా అల్లా చూసుకుంటాడు అని చెప్పి వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. అంతే, చదువు పూర్తయింది.

ఆ చదువుతోనే కాశన్న ఫటఫటమంటూ వీధిలోకి వచ్చేసరికి కోళ్ళు చూరెక్కాయి, ముసలివాళ్ళు అరుగెక్కారు. ఎదురింటి సుంకమ్మ చేటలో జొన్నలు చేటలోనే ఉండగా చేట మాత్రం చేతిలోంచి జారిపోయింది. కాశన్న గాల్లో తేలిపోయాడు. ఇంక శుక్రవారం ఆదోని సంతకు బస్సులో మూటకు చోటు దొరక్క ముందురోజే ఎద్దుల బండెక్కి ఒళ్ళు హూనం చేసుకోనక్కర్లేదు. పొద్దున చీరల మూట వెనక కట్టుకుని పోతే చీకటి పడేలోగా ఇంట్లో ఉండొచ్చు. ఒక్క అతని పెళ్ళాం బసమ్మ మాత్రం గడపలో నిలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోట్లో పెట్టుకుంది.

"ఏమయ్యో, దీనికి చక్రాలు రెండే ఉండాయే. నిలబెడితేనే పడిపోతాండాది, పరిగెత్తితే పడదా?"

"పరిగెత్తితేనే పడదే! నిలబడితేనే పడేది. దానికదే గొప్ప."

"బాగుంది నీ గొప్ప," అంది బసమ్మ. ఆమెకు పెళ్ళయి రెండేళ్ళు. మొగుడంటే ఆమెకు చచ్చేంత ఇష్టం, ఆ ఇష్టమే ఈ బండి రోడ్డెక్కిన రోజునుంచి భయంగా మారి కూర్చుంది.

ఆ రోడ్డు మీద అప్పటికి తిరిగే మోటార్లు తక్కువ. ఒక బస్సు, పత్తి మూటల లారీలు, ఓబుళరెడ్డి కారు. అందరికీ ఆ రోడ్డు సరిపోయేది గాని ఓబుళరెడ్డికి సరిపోయేది కాదు. ఆయన ఊరి పేరు చెప్పను లెండి. మనవళ్ళు ఇప్పటికీ అట్లాగే నడుపుతున్నారు, ఎందుకొచ్చిన గొడవ! వందల ఎకరాల రేగడి, ఇంటి ముందు బండలాగే కోడెలు, వాటి పక్కన టాపు మడిచిన పెద్ద కారు. డ్రైవరును పెట్టుకుంటే పరువు తక్కువని తానే నడిపేవాడు. నడపడమంటే చేతులు చక్రం మీద, కళ్ళు చేల మీద. ఎవరి పత్తి ఎంత ఎత్తు పెరిగింది, ఎవరి జొన్న కంకి పట్టింది అన్నీ చూస్తాడు. వెనక సీట్లో కూర్చున్న గుమాస్తాకు ఏదైనా చెప్పాలంటే పూర్తిగా వెనక్కి తిరిగి చెబుతాడు. నోట్లో తాంబూలం ఎప్పుడూ ఉంటుంది, ఉమ్మాలనిపిస్తే తల బయటపెట్టి ఉమ్ముతాడు. ఇన్ని పనులున్న మనిషికి ఎదురుగా ఏం వస్తున్నదో చూడ్డానికి తీరిక ఎక్కడిది?

కాశన్న మొదటిసారి ఆయనకు ఎదురుపడింది కాలవ మీది మోరీ దగ్గర మలుపులో. కారు నట్టనడి రోడ్డు మీద వస్తోంది. కాశన్న తన పక్కన తాను పోతున్నాడు. నాదీ మోటారే, ఆయనదీ మోటారే, నన్ను చూసి ఆయనే జరుగుతాడులే అనుకున్నాడు. హారను బుడ్డ పట్టుకుని పిసికాడు. కారు జరగలేదు. మళ్ళీ పిసికాడు. ఓబుళరెడ్డి అప్పుడే ఎడమ చేతివైపు ఎవరి చేనులోనో కలుపు ఎక్కువుందని గుమాస్తాకు చూపిస్తున్నాడు. చివరి క్షణంలో కాశన్న బండిని పక్కకు తిప్పాడు. పక్కన రేగు కంప.

న్యాయం కాశన్న వైపే ఉంది. కాశన్న మాత్రం కంపలో ఉన్నాడు.

ఆ సాయంత్రం బసమ్మ మొగుణ్ణి బోర్లా పడుకోబెట్టి సూదితో ముళ్ళు తీసింది. ఒక్కో ముల్లుకు ఒక్కో తిట్టు. ముళ్ళు అయిపోయాయి గాని తిట్లు ఇంకా మిగిలాయి. కాశన్న అబ్బా అంటూనే వాదించాడు.

"తప్పు నాది కాదే. నా పక్కన నేను పోతాండా. ఆయనే నడుమకు వచ్చినాడు."

"ముల్లుకు చెప్పు ఆ మాట. అది ఇనుకోని బయటికొస్తాదేమో చూస్తాం."

అక్కడితో ఆగినా బాగుండేది. దసరా ముందు సంతకు తెల్లచీరలు తీసుకుపోతుంటే మళ్ళీ అదే కారు. ఈసారి వెనకనుంచి వచ్చింది. కాశన్నను ఒరుసుకుంటూ ముందుకు పోతూ ఉండగా ఓబుళరెడ్డి తల బయటపెట్టి ఉమ్మాడు. ఎర్రటి తాంబూలం సగం కాశన్న మొహాన, సగం చీరల మూట మీద. కళ్ళు కనపడక బండి అటూ ఇటూ ఊగి పడిపోయింది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి, కుడి మణికట్టు వాచి గుమ్మడికాయంత అయింది.

నేతగాడికి మణికట్టు పోతే ఇంకేముంది? పోగు తీసుకుని అటూ ఇటూ ఉరికే నాడె విసరలేడు. సగం నేసిన చీర మగ్గం మీద అట్లాగే ఉండిపోయింది. పండుగ బేరం పోయింది. రోజంతా మగ్గం చప్పుడుతో మోగే ఇల్లు చడీచప్పుడు లేకుండా అయిపోయింది. బసమ్మ పసుపు, సున్నం కలిపి పట్టీ వేసేది, అన్నం కలిపి ముద్దలు పెట్టేది, ఒక్క తిట్టు కూడా తిట్టేది కాదు. కాశన్నకు అదే ఎక్కువ భయం వేసింది. మణికట్టు వాపు తగ్గి అతను మళ్ళీ మగ్గంలోకి దిగిన రోజున ఆమె గుంత అంచు మీద కూర్చుని మాట్లాడింది.

"సూడయ్యా. నువ్వు మోరీకాడ పడితివి, తిట్టి ఊరుకుంటి. మళ్ళా పడితివి, మగ్గం మూలబడింది. ఇంగొక్క గాయం నాకు కనపడిందంటే ఆ బండి ఈ ఇంట్లో ఉండదు. నువ్వు అమ్మకుంటే నేనే బావిలోకి తోసేస్తా. మా అమ్మ మీద ఒట్టు."

అది కోపం కాదని కాశన్నకు తెలుసు. సరేనన్నాడు. కాని బండి పోతుందన్న మాటకే అతని ప్రాణం విలవిల్లాడింది. ఆ బండి మీద కూర్చున్నప్పుడు మాత్రమే అతను గుంతలోంచి పైకి లేచిన మనిషి. దాన్ని ఎట్లా వదులుకోవడం?

అప్పటినుంచి కాశన్న ఓబుళరెడ్డిని కనిపెట్టడం మొదలుపెట్టాడు. సంతలో, బాటలో, టీ అంగడి దగ్గర ఆ కారు ఎట్లా పోతుందో చూశాడు. మనుషులు కనబడితే రెడ్డి ఆగడు. మేకలు కనబడితే హారను కొడతాడు. కాని ఎద్దులు కనబడితే? కారు చల్లగా నెమ్మదిస్తుంది, రోడ్డు దిగి పక్కకు జరుగుతుంది, హారను మీద చెయ్యి పడదు. మెడలో మువ్వల పట్టెడ, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, ఎర్ర కుచ్చులు ఉన్న కోడె కనిపించిందా, కారు ఆపి దిగి మూపురం నిమిరిగాని పోడు. ఎప్పుడో ఒక లారీ హారనుకు బెదిరి ఆయన కోడె కాలు విరిగిందట. ఆ రోజు ఆయన చంటిపిల్లాడిలా ఏడ్చాడని ఆదోని అంతా చెప్పుకునేవాళ్ళు. ఆయనే కాదు, ఆ సీమలో బస్సు డ్రైవరైనా, లారీ డ్రైవరైనా అలంకరించిన కోడెకు దోవ ఇవ్వకుండా పోడు. పోతే రైతులు ఊరుకోరు.

కాశన్న ఆదోని సంతలో ఎద్దుల సామాన్లు అమ్మే అంగడికి పోయి ఒక మువ్వల పట్టెడ, రెండు కుప్పెలు, గుప్పెడు కుచ్చులు కొన్నాడు. ఎద్దు ఎన్ని పళ్ళదప్పా అని అంగడివాడు అడిగితే, దీనికింకా పళ్ళు రాలేదన్నాడు.

కొమ్ముల్లా వంగిన రెండు తుమ్మకొమ్మలు వెతికి, చెక్కి, బండి ముందు దీపానికి అటూ ఇటూ నిలబెట్టి తాళ్ళతో బిగించాడు. కొసలకు కుప్పెలు తొడిగాడు. కింద కుచ్చులు వేలాడదీశాడు. దీపం మెడకు మువ్వల పట్టెడ. దుమ్ములో దూరంనుంచి చూస్తే అసలైన కోడె తలే! మగ్గాల వీధి అంతా వచ్చి చూసి కడుపులు పట్టుకుంది.

"కాశన్నా, ఏరువాకకు ఎద్దులతో దీన్ని గూడా పరిగెత్తిస్తావా?" అంది సుంకమ్మ.

"కసువేసినావా, కుడితి పెట్టినావా?" అని ఇంకొకరు.

బసమ్మ కూడా నవ్వింది. ఇవన్నీ ఎందుకంటే దిష్టి తగలకుండా అని చెప్పాడు మొగుడు. అందులో అబద్ధమేముంది, ఓబుళరెడ్డి కంటే పెద్ద దిష్టి ఏముందని లోపల సమాధానం చెప్పుకున్నాడు.

చెప్తే నమ్మరు, పనిచేసింది. బస్సు పక్కకు జరిగింది. లారీలు నెమ్మదించాయి, దగ్గరికి వచ్చాక డ్రైవర్లు బూతులు తిట్టారు గాని జరిగాక తిడితే ఏంపోయింది? ఓబుళరెడ్డి కారైతే దూరంనుంచే రోడ్డు దిగి నిలబడింది. కాశన్న మొహానికి అడ్డంగా తువ్వాల కట్టుకుని దుమ్ము లేపుకుంటూ దాటిపోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. వారాలు గడిచే కొద్దీ అతని కళ్ళు నెత్తికెక్కాయి. పక్కన పోవడం మానేశాడు. నట్టనడిమినే పోయేవాడు. మలుపులో నెమ్మదించడం మానేశాడు. అందరూ నాకు జరుగుతుంటే నేనెందుకు జరగాలన్నాడు. తనకు తెలియకుండానే చిన్న ఓబుళరెడ్డి తయారయ్యాడన్నమాట.

ఒకనాటి మధ్యాహ్నం ఆదోనినుంచి తిరిగి వస్తుంటే కారు ఆపుకుని ఓబుళరెడ్డి రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని దుమ్ములోకి చూస్తున్నాడు.

"ఎవురిదప్పా ఆ కోడె? ఆ రావడం సూడు, ఏం రోషం!" అని గుమాస్తాతో అంటున్నాడు.

కాశన్నకు ఆగక తప్పలేదు. ఆపాడు. మువ్వలు గలగలమని ఊరుకున్నాయి. ఓబుళరెడ్డి నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత అలవాటు కొద్దీ బండి చుట్టూ ఒక సారి తిరిగాడు. కొమ్ము పట్టుకుని ఊపాడు, కుప్పెను వేలితో మీటి చూశాడు.

"ఇదేందప్పా?"

"మోటారుసైకిలు, రెడ్డీ."

"మోటారుసైకిలుకు కొమ్ములేంటికి?"

"అందానికి."

"మువ్వల పట్టెడ?"

"అదీ అందానికే."

"కుప్పెలు మంచివే," అన్నాడు ఓబుళరెడ్డి. అప్పటికి గాని ఆయనకు విషయం బోధపడలేదు. బండి ఎవరిదో గుమాస్తా చెవిలో చెప్పేసరికి మొహం కందగడ్డ అయింది. "అంటే నేనిన్ని దినాలూ రోడ్డు దిగి నిలబడింది నీకా? మగ్గం కాశన్నకా?"

కాశన్న మర్యాదగా బండి దిగి నిలబడ్డాడు. కాని వాచిన మణికట్టు, ఉమ్మి పడిన తెల్లచీరలు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

"ఏం చెయ్యల్ల రెడ్డీ? మీరు ఎద్దుకైతే ఆగుతారు, మనిషికైతే ఆగరు. మోరీకాడ నన్ను కంపలో పడేస్తిరి. దసరాకు చెయ్యి ఇరగ్గొడితిరి. నా ఇంట్లో గూడా ఒక మనిషి నాకోసం చూస్తాంటాది."

ఓబుళరెడ్డి నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆయనకు మోరీ గుర్తులేదు, దసరా గుర్తులేదు.

"మనిషి జరుగుతాడు గదప్పా! ఎద్దు మూగజీవి, దానికేం ఎరుక పాపం? మనమే జరగల్ల. మనిషికి బుద్ధుండాది. మోటారు వస్తాంటే వాడే పక్కకు పోతాడు."

"నేను జరిగేలోపలే మీరు మీద పడితే?"

"ముందే జరుగు. ఎవురు వద్దన్యారు?"

ఓబుళరెడ్డి కోపం అంతలోనే నవ్వుగా మారింది. కొమ్ము మీద తట్టి, "ఇంగ నాకు తెలిసిపాయె లేప్పా. ఈ దావలో మువ్వలు ఇనపడితే అది నువ్వే అనుకుంటా," అంటూ కారెక్కి పోయాడు.

ఆ మాట విన్నాకైనా ఆ కొమ్ములు పీకేసి ఉండాల్సింది. పీకలేదు. రెడ్డి జరగకపోతే మానె, బస్సూ లారీలూ ఇంకా జరుగుతున్నాయి కదా అనుకున్నాడు. ఆ మాత్రం ఆలోచన ఇంకో అడుగు ముందుకు వేసి ఉంటే ఎంత బాగుండేది!

నాలుగు రోజులు తిరక్కముందే పొరుగూరి రైతు హనుమన్న మగ్గాల వీధిలోకి వచ్చాడు. చేతిలో ములుగర్ర, ఒళ్ళంతా దుమ్ము. కాశన్న ఇంటి ముందు నిలబడి, "యాడ ఆ కొమ్ములోడు? బయటికి రమ్మను!" అని కేకేశాడు. వీధంతా గుమిగూడింది. బసమ్మ నూలు కండెలు చుడుతున్నది చుడుతున్నట్టే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

జరిగిందిది. హనుమన్న పత్తి మూటల బండి కట్టుకుని ఆదోనికి పోతున్నాడు. కొత్త కోడెలు, మెడలో మువ్వలు, కొమ్ములకు కుప్పెలు. మలుపు అవతలినుంచి ఓబుళరెడ్డి కారు. మువ్వలు వినబడ్డాయి. మగ్గం కాశన్న వస్తున్నాడు, వాడికి బుద్ధుంది, వాడే జరుగుతాడులే అనుకుని ఆయన కారు వేగం కాస్త కూడా తగ్గించలేదు. మలుపు తిరిగితే ఎదురుగా నిజమైన కోడెలు. బ్రేకు తొక్కితే కారు కాలవలో పడింది. కోడెలు బెదిరి కాడి విరుచుకున్నాయి, బండి తిరగబడింది, పత్తి రోడ్డంతా పరుచుకుంది. దేవుడి దయ, మనుషులకు ఏమీ కాలేదు. ఒక కోడె మోకాలు చెక్కుకుపోయి రక్తం కారింది. ఓబుళరెడ్డి తన కారును చూసుకోకుండా ఆ కోడె మోకాలు పట్టుకుని రోడ్డు మీద కూలబడి ఏడ్చాడట.

"మా తాతల కాలంనుంచి మువ్వలంటే ఎద్దు," అన్నాడు హనుమన్న. కోపం తగ్గి అతని గొంతులో దుఃఖం వచ్చింది. "ఆ చప్పుడొస్తే రాజైనా నిలబడతాడు. మాకున్న కాపుదల అదొక్కటే కాశన్నా. నువ్వు దాన్ని ఎత్తుకపోయి నీ ఇనుప బండికి కట్టుకుంటివి. ఇంగ మా ఎద్దులకు ఎవురు ఆగుతారు చెప్పు?"

కాశన్న తల దించుకున్నాడు. అక్కడికక్కడే తాళ్ళు కోసి కొమ్ములు ఊడదీశాడు. పట్టెడ, కుప్పెలు హనుమన్న చేతిలో పెట్టి దండం పెట్టాడు. హనుమన్న పోయాడు. వీధి కూడా పోయింది. బసమ్మ మాత్రం గడపలోనే నిలబడి ఉంది.

"దిష్టికన్నావే?" అంది.

"నాకేం గాయం కాలేదు గదే, సూడు," అన్నాడు కాశన్న, చేతులు తిప్పి చూపిస్తూ.

"గాయం నీ మీదనే గావల్లనా? ఆ మూగజీవి మోకాలి మీద ఉండాది గదా. అది నీది గాదా? ఒట్టంటే ఒట్టే. వచ్చే శుక్రవారం నేనూ వస్తా ఆదోనికి. చీరలమ్మి, బండిని ఆ మేస్త్రీ సాయిబుకు అప్పజెప్పి, బస్సెక్కి ఇద్దరం వస్తాం. బావిలో తోస్తే మళ్ళా నీళ్ళు పాడైతాయి."

కాశన్న ఎంత బతిమాలినా వినలేదు. ఆ వారమంతా అతనికి అన్నం సయించలేదు. మగ్గంలో కూర్చుంటే నాడె అటు పోయేది, మనసు బండి దగ్గరికి పోయేది. గురువారం సాయంత్రం దాన్ని కడిగి, తుడిచి, కొబ్బరినూనె పెట్టాడు. అత్తవారింటికి పంపే ఆడపిల్లను ముస్తాబు చేసినట్టే చేశాడు. బసమ్మ చూసి కూడా చూడనట్టు లోపలికి పోయింది.

శుక్రవారం పొద్దున బసమ్మ మొదటిసారి బండెక్కింది. ఒక పక్కకు కూర్చుని, చీరల మూట ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో మొగుడి నడుం గట్టిగా పట్టుకుంది. వీధి దాటేవరకు కళ్ళు మూసుకునే ఉంది. ఊరు దాటాక తెరిచింది. రెండు పక్కలా జొన్నచేలు, ఆముదాలు, పైన నీలంగా ఆకాశం. గాలికి ఆమె కొంగు ఎగిరింది. ఇంత బాగుంటుందని ఆమె అనుకోలేదు, కాని ఆ మాట చచ్చినా చెప్పదు.

కాశన్న ఆ రోజు నడిపినట్టు ఎప్పుడూ నడపలేదు. గుంత వస్తే ముందే చూశాడు. మలుపు వస్తే నెమ్మదించి, హారను కొట్టి, అవతల ఎవరూ లేరని తెలిసాకే తిప్పాడు. ఎద్దుల బండి ఎదురైతే ఇంజను తగ్గించి పక్కనుంచి మెత్తగా పోయాడు. ఎదురుగా వచ్చేవాడు తనను చూశాడో లేదో అని వాడి మొహంలోకి చూశాడు. చూడలేదనిపిస్తే తానే ఆగాడు.

మోరీ ఇంకా ఒక పరుగు దూరం ఉందనగా ముందు దుమ్ము స్తంభంలా లేచింది. కారు. ఓబుళరెడ్డిది కావచ్చు, ఇంకెవరిదైనా కావచ్చు. కాశన్న దగ్గరికి వచ్చేవరకు చూస్తూ కూర్చోలేదు. పక్కన చేనులోకి దారి కనబడగానే బండిని రోడ్డు దించి, గెనిమ గట్టు మీద నిలబెట్టి, ఇంజను ఆపేశాడు. కాళ్ళు రెండూ నేలకు ఆనించి, ఒక చెయ్యి వెనక్కి చాచి బసమ్మ చేతిని పట్టుకున్నాడు.

కారు వచ్చింది. ఓబుళరెడ్డిదే. కాలవలో పడినప్పటి సొట్టలు ఇంకా ఉన్నాయి. అప్పటికీ నట్టనడి రోడ్డు మీదే వస్తున్నాడు, తల తిప్పి ఎవరి చేనునో చూస్తూనే ఉన్నాడు. కాశన్న రోడ్డు మీద ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. కారు దడదడమని దాటిపోయింది. ఓబుళరెడ్డి వీళ్ళను చూడనేలేదు. దుమ్ము వాళ్ళ మీద పడింది. ఇద్దరూ దగ్గారు.

దుమ్ము సర్దుకున్నాక కూడా కాశన్న బండి కదిలించలేదు. రోడ్డు రెండు పక్కలా చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఏమయ్యో," అంది బసమ్మ వెనకనుంచి. "ఎప్పుడూ ఇట్లనే చేస్తావా?"

అవునని చెప్పొచ్చు. ఒక్క అబద్ధం చెబితే బండి దక్కుతుందేమో. కాశన్న నోటిదాకా వచ్చిన ఆ మాట మింగేశాడు.

"లేదే. ఎప్పుడూ చెయ్యలేదు."

"మళ్ళ ఈ పొద్దు ఏంటికి చేస్తివి?"

"నువ్వు ఎనకాల ఉండావు గదా. నీకేమన్నా అయితే?"

కాశన్న వీపు మీద తడి తగిలింది. తిరిగి చూస్తే ఆమె ఏడుస్తోంది. ఏడుస్తూనే చెయ్యెత్తి అతని వీపు మీద గట్టిగా ఒక్కటిచ్చింది.

"నువ్వొక్కనివే పోయే దినాల్లో నేను యాడుంటా అనుకుంటివి? ఇంట్లో కూచుంటాననుకుంటివా? నువ్వు గడప దాటిన కాడినుంచి మళ్ళా వచ్చేదాంక నీ ఎనకాలనే కూచోనుంటానయ్యా నేను! నువ్వు కంపలో పడిననాడు నేనూ పడితి. నీకు కనపడకపాయె, అంతే."

కాశన్న తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, దుమ్మని చెప్పడానికి వీలుగా. తర్వాత బండి కదిలించి ఇద్దరూ ఆదోని చేరారు.

సంతలో చీరలన్నీ అమ్ముడయ్యాయి. కాశన్న ఒట్టు మరిచిపోలేదు. బండిని తోసుకుంటూ మేస్త్రీ సాయిబు షెడ్డు వైపు తిరిగాడు. ప్రతి అడుగూ బరువుగా పడుతోంది. బసమ్మ పక్కనే నడుస్తూ వచ్చింది. షెడ్డు కనబడగానే కొంగు నడుముకు బిగించి అడ్డం నిలబడింది.

"యాడికి?"

"సాయిబు కాడికే. నువ్వే గదా..."

"మా అమ్మ మీద పెట్టిన ఒట్టు సంగతి నేను చూసుకుంటాలే. తిప్పు. పొద్దుండంగానే ఇల్లు చేరల్ల."

కాశన్నకు ప్రాణం లేచొచ్చింది. సంత మధ్యలో పెళ్ళాన్ని ఎత్తుకుని తిప్పుదామనిపించింది గాని, అందరూ చూస్తున్నారని బండి సీటును నాలుగుసార్లు తుడిచి ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఎన్నో శుక్రవారాలు కాశన్న ఒంటరిగానే ఆదోని పోయాడు, వచ్చాడు. కారు దుమ్ము కనబడితే చాలు, రోడ్డు దిగి, ఇంజను ఆపి, చేనులో నిలబడేవాడు. కారు పోయి, దుమ్ము సర్దుకుని, అటూ ఇటూ చూసుకుని గాని కదిలేవాడు కాదు. ఒకనాడు హనుమన్న బండి తోలుకుంటూ వస్తూ అది చూశాడు.

"ఏమప్పా కాశన్నా, కారు ఇంగా అంత దూరంలో ఉండగానే దిగేస్తివి? అంత భయమా?"

"భయం గాదప్పా," అన్నాడు కాశన్న. "ఎనకాల మనిషుండాది. పైలంగా పోవల్ల."

హనుమన్న వెనక సీటు చూశాడు. చీరల మూట తప్ప అక్కడ ఎవరూ లేరు.